డెడ్‌వుడ్‌ను దారి తప్పకుండా చూడడం ఎలా: వలపూ కుట్రా ఒకే పలుపున నడిచే కథకు మార్గదర్శి

“రెండు ఎపిసోడ్లు చూశాం, ఎవరు ఎవరో అంతుపట్టలేదు, ఆపేశాం” అని, అమెరికాలోని ఒక బంగారు గనుల ఊరి కథ చెప్పే టీవీ ధారావాహిక డెడ్‌వుడ్ గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. మరికొందరు మొదటి సీజన్ పూర్తి చేసిన తరువాత, అందులోని ప్రేమకథ ఎక్కడ మొదలైందో తాము గమనించనే లేదని వాపోతారు. ఈ రెండు ఇబ్బందులకూ మూలం ఒకటే. ఈ కథలో ప్రేమ వ్యవహారం ఏదీ ఆస్తి వ్యవహారం నుంచి విడిగా నడవదు. ఒకదాన్ని వదిలేసి రెండోదాన్ని పట్టుకోబోతే రెండూ జారిపోతాయి. అందువల్ల గని హక్కు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళుతున్నదో గమనిస్తూ, దాని వెంట మనుషులను చూడడమే ఇక్కడ చెప్పబోయే పద్ధతి.

ఒక హెచ్చరిక. 1 నుంచి 5 వరకు ఉన్న మెట్లను చూడకముందే చదవవచ్చు. ఆ తరువాతి మెట్లలో కథ బయటపడుతుంది కాబట్టి, శీర్షికలో చెప్పినంత వరకు చూసిన తరువాతనే వాటిని తెరవండి.

1. చూడకముందు సిద్ధం చేసుకోవలసినవి

మొత్తం మూడు సీజన్లు, సీజన్‌కు 12 చొప్పున 36 ఎపిసోడ్లు. 2004 మార్చి నుంచి 2006 ఆగస్టు వరకు అమెరికా టీవీ ఛానల్ హెచ్‌బీఓలో వచ్చాయి. నాలుగో సీజన్ రాకుండానే ధారావాహిక ఆగిపోయింది. 2019లో ఒక సినిమాతో కథను ముగించారు. మూడో సీజన్ చివర కథ సగంలో తెగినట్లు అనిపిస్తుందని ముందే తెలిసి ఉంటే, అక్కడికి చేరినప్పుడు ఏదో ఎపిసోడ్ తప్పిపోయిందని వెతుక్కోనవసరం ఉండదు.

ఒక్కో ఎపిసోడ్ ఇంచుమించు ఒక్క రోజు కథ. పొద్దున జరిగిన బేరం సాయంత్రానికి హత్యగా మారవచ్చు. రోజుకు ఒకటి, మించితే రెండు ఎపిసోడ్లు చూడండి. ఒక రాత్రిలో నాలుగు చూస్తే నాలుగు రోజుల మంతనాలు కలగాపులగం అవుతాయి.

సబ్‌టైటిల్స్ తప్పనిసరి. ఇంగ్లీషు బాగా వచ్చినవారికి కూడా ఇదే సలహా ఇస్తాను. పాత్రలు ఒకవైపు పచ్చి బూతులు మాట్లాడతాయి, మరోవైపు పంతొమ్మిదో శతాబ్దపు చుట్టుతిరుగుడు వాక్యాలు మాట్లాడతాయి, చాలాసార్లు ఆ రెండూ ఒకే వాక్యంలో వస్తాయి. గ్రాంథిక వచనం చదివే అలవాటు ఉన్న తెలుగు పాఠకుడికి ఇందులో ఒక వెసులుబాటు ఉంది: క్రియ కోసం వాక్యం చివరిదాకా ఓపిక పట్టడం మనకు కొత్త కాదు.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

- సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులోనే పెట్టుకున్నారా?
- గదిలో పిల్లలు, పెద్దలు లేరు కదా? (బూతులు, నగ్నత్వం, హింస ఏ హెచ్చరికా లేకుండా వస్తాయి.)
- చేతిలో నోటుపుస్తకం ఉందా? ఫోన్ పక్కన పెట్టారా?
- పాత్రల పేర్లను ఇంటర్నెట్‌లో వెతకకూడదని నిశ్చయించుకున్నారా? ఎవరు ఎప్పుడు చనిపోతారో మొదటి వరుసలోనే కనబడుతుంది.

2. నాలుగు మాటల అర్థం తెలుసుకోండి

*క్లెయిమ్*: ఒక చోట తవ్వుకునే హక్కు. కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

*వాగు బంగారం, రాతి బంగారం*: వాగు ఇసుకలో దొరికే బంగారాన్ని ఒక్క మనిషి ఒక పళ్ళెంతో కడిగి తీసుకోగలడు. క్వార్ట్జ్ రాయిలో ఇమిడి ఉన్న బంగారం అలా రాదు. సొరంగాలు తవ్వాలి, రాయిని దంచే మిల్లులు నిలపాలి, కూలీలను పెట్టాలి. అంటే పెట్టుబడి కావాలి. మొదటి సీజన్‌లోని చిల్లర మోసాలు మూడో సీజన్‌కు వచ్చేసరికి ఒక కోటీశ్వరుడి దండయాత్రగా మారడానికి కారణం ఈ తేడాయే.

*క్యాంప్*: ఊరిని అక్కడివారు పిలుచుకునే పేరు. ఆ ఊరు ఉన్న బ్లాక్ హిల్స్ ప్రాంతాన్ని 1868 నాటి ఫోర్ట్ లారమీ ఒడంబడిక అక్కడి ఆదివాసులైన సూ ప్రజలకు కేటాయించింది. 1874లో బంగారం జాడ తెలియడంతో తెల్లవారు అక్కడికి చొరబడ్డారు. కథ మొదలయ్యే 1876లో అక్కడ అమెరికా చట్టం చెల్లదు. ఎవరి క్లెయిమ్‌కూ చట్టబద్ధమైన దన్ను లేదు. రేపు ప్రభుత్వం వచ్చి ఈ హక్కులు చెల్లవంటే ఏం చేయాలన్న భయమే కుట్రలలో సగానికి ఇంధనం.

*సెలూన్*: మన ఊళ్ళో క్షవరం చేసే చోటు, ఇక్కడ సారా, జూదం, వేశ్యావృత్తి ఒకే కప్పు కింద నడిచే చోటు. యజమాని మేడమీద కూర్చుని ఊరిని ఏలుతుంటాడు.

3. వీధి పటం గీసుకోండి

ఇది చాలామంది వదిలేసే పని, కానీ దీనివల్ల కలిగే ప్రయోజనం మరి దేనివల్లా కలగదు. ఈ కథలో రహస్యాలు కిటికీలు, బాల్కనీలు, సగం తెరిచిన తలుపుల ద్వారా బయటికి పొక్కుతాయి. ఎవరు ఎక్కడ నిలబడితే ఎవరు కనిపిస్తారో తెలియకపోతే, ఒక పాత్రకు ఒక సంగతి ఎలా తెలిసిందన్నది చివరిదాకా అంతుచిక్కదు.

ఒక కాగితం మీద బురద వీధిని ఒక పట్టీగా గీసి, కింది చోట్లను మీరు చూసిన క్రమంలో గుర్తించండి.

- జెమ్ సెలూన్: యజమాని ఆల్ స్వేరింజన్. అతని బాల్కనీ నుంచి వీధి అంతా కనిపిస్తుంది.
- గ్రాండ్ సెంట్రల్ హోటల్: నడిపేది ఈ.బీ. ఫార్నమ్. స్వేరింజన్‌కు వేగు. గని కొన్న ధనికుడి భార్య ఆల్మా గారెట్ బస ఇక్కడే.
- బుల్లక్, స్టార్‌ల హార్డ్‌వేర్ దుకాణం: మొదట గుడారం, తరువాత కట్టడం. ఆ స్థలం స్వేరింజన్ నుంచి కొన్నదే.
- బెల్లా యూనియన్: సై టాలివర్ సెలూన్. జెమ్‌కు పోటీ.
- చైనీయుల సందు: మిస్టర్ వూ, అతని పందుల దొడ్డి. శవాలు మాయమయ్యే చోటు.

ప్రతి ఎపిసోడ్‌లోనూ స్వేరింజన్ బాల్కనీలో నిలబడిన ప్రతిసారీ కొంచెం ఆపి, అతను ఎవరిని చూస్తున్నాడో పటంలో వేలు పెట్టి చూడండి. బుల్లక్, ఆల్మాల సంగతి ఊరికి ఎలా తెలిసిందని నన్ను అడిగినవారు ఉన్నారు. వీధి ఇరుకు, కిటికీలకు కళ్ళున్నాయి. అంతకు మించిన రహస్యం లేదు.

4. మూడు గళ్ళ పుస్తకం రాయండి

ఒక్కో పాత్రకు ఒక్కో పేజీ ఇచ్చి, పేజీని మూడు గళ్ళుగా విభజించండి.

1. ఈ మనిషికి ఎవరు కావాలి?
2. ఈ మనిషి ఎవరికి బాకీ? (డబ్బు, ప్రాణం, మాట, ఏదైనా.)
3. ఈ మనిషికి తెలిసిన రహస్యం ఏది?

మొదటి గడిలో రాసినది ప్రేమకథ, మూడో గడిలో రాసినది కుట్ర. ఈ రెంటినీ కలిపేది రెండో గడి. బాకీ తీర్చుకోవడానికి ప్రేమను వదులుకునేవారు, ప్రేమ కోసం రహస్యాన్ని దాచేవారు, రహస్యాన్ని అమ్మి బాకీ తీర్చేవారు ఇందులో వరుసగా కనిపిస్తారు.

మొదటి వారంలో అందరికీ పేజీలు పెట్టకండి. స్వేరింజన్, సేత్ బుల్లక్, ఆల్మా గారెట్, జెమ్ సెలూన్‌లోని వేశ్య ట్రిక్సీ: ఈ నలుగురు చాలు. బుల్లక్ భాగస్వామి సాల్ స్టార్, బంగారం తవ్వే ఎల్స్‌వర్త్, టాలివర్, అతని దగ్గర పనిచేసే జోనీ స్టబ్స్‌లకు అయిదో ఎపిసోడ్ తరువాత చోటివ్వండి. నేను మొదటిసారి చూసినప్పుడు పదిహేడు మందికి పేజీలు పెట్టాను. మూడో రోజుకు పుస్తకం అటకెక్కింది.

ప్రేమను మాటల్లో వెతకవద్దు. ఇంగ్లీషులో మనకున్నట్లు “మీరు” నుంచి “నువ్వు”కు దిగే సౌకర్యం లేదు కాబట్టి ఆ పనిని ఇక్కడ సంబోధనలు చేస్తాయి. ఎంత దగ్గరైనా బుల్లక్, ఆల్మా ఇద్దరూ “మిసెస్ గారెట్”, “మిస్టర్ బుల్లక్” అనే పిలుచుకుంటారు. ఆ మర్యాద ఎప్పుడు కవచంగా, ఎప్పుడు లాలనగా పనిచేస్తున్నదో గొంతును బట్టి పోల్చుకోవాలి. ట్రిక్సీ విషయంలో దీన్ని తిరగేసి చూడండి: ఆమె తిట్టినవారిలో ఆమె ప్రేమించేవారు ఉంటారు.

5. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి సవరణలు

*పొరపాటు: బుల్లక్‌ను నాయకుడిగా, స్వేరింజన్‌ను ప్రతినాయకుడిగా మొదటి ఎపిసోడ్‌లోనే తేల్చేయడం.* మన సినిమాల అలవాటు వల్ల ఇది సహజంగానే జరుగుతుంది. సవరణ: ఇద్దరి పేజీలలోనూ రెండో గడిని ప్రతి నాలుగు ఎపిసోడ్లకు ఒకసారి తిరిగి చదవండి. బుల్లక్ కోపం ఎంత ప్రమాదకరమో, స్వేరింజన్ లెక్కలో ఊరి క్షేమం ఎంత ఉందో అక్కడ తేలుతుంది.

*పొరపాటు: ఇదంతా చరిత్ర అనుకోవడం.* స్వేరింజన్, బుల్లక్, స్టార్, తుపాకీ వీరుడు వైల్డ్ బిల్ హికాక్, అతని స్నేహితురాలు కలామిటీ జేన్, గనుల కోటీశ్వరుడు జార్జ్ హెర్స్ట్ నిజంగా ఉన్నవారు. ఆల్మా, ఎల్స్‌వర్త్, టాలివర్, జోనీ కల్పితాలు. అంటే ప్రేమకథలో ప్రధానమైనది కల్పనే. కథలో బుల్లక్ తన చనిపోయిన సోదరుడి భార్యను పెళ్ళాడాడు. నిజ జీవితంలో అలా జరగలేదు. సవరణ: చరిత్రను మూడు సీజన్లూ ముగిసిన తరువాతకు వాయిదా వేయండి.

*పొరపాటు: ఒకే ముఖం రెండుసార్లు కనబడితే తికమకపడడం.* గారెట్ డిల్లహంట్ మొదటి సీజన్‌లో జాక్ మెకాల్‌గా, రెండో సీజన్‌లో వోల్కాట్‌గా నటించాడు. ఇద్దరికీ సంబంధం లేదు. ఎక్కడా బంధుత్వం వెతకకండి.

*పొరపాటు: భాష భరించలేక రెండో ఎపిసోడ్‌లో ఆపేయడం.* సవరణ: నాలుగో ఎపిసోడ్ వరకు గడువు పెట్టుకోండి. అప్పటికీ మనసుకు పట్టకపోతే ఈ ధారావాహిక మీకు సరిపడదు. బలవంతాన చూడవలసిన అవసరం ఎవరికీ లేదు.

6. మొదటి సీజన్ ముగిసిన తరువాత చదవండి

మొదట మూడో ఎపిసోడ్‌కు వెనక్కి వెళ్ళండి. ఆల్మా భర్త బ్రామ్ గారెట్ 20 వేల డాలర్లు పెట్టి కొన్న క్లెయిమ్ ఉత్తిదని అందరూ నమ్మారు. డబ్బు తిరిగి అడిగినందుకు స్వేరింజన్ మనిషి డాన్ డోరిటీ చేతిలో అతను చనిపోయాడు. తరువాత ఆ గనిలో బంగారం పుష్కలంగా ఉందని తేలింది. ఒక్క హత్య వల్ల ఒక వితంతువు, ఒక గని, ఒక రహస్యం ఒకేసారి పుట్టాయి. తరువాతి ముప్ఫై చిల్లర ఎపిసోడ్లకు ఇదే విత్తనం.

ఇప్పుడు బుల్లక్, ఆల్మాల కథను ఈ వెలుగులో చదవండి. ఆల్మా మొదట సాయం అడిగినది హికాక్‌ను. అతను ఆ బాధ్యతను బుల్లక్‌కు అప్పగించాడు. అంటే వాళ్ళ పరిచయం ఒక వకాల్తాతో మొదలైంది. ఆమె గనిని పరీక్షించడానికి ఎల్స్‌వర్త్‌ను కుదిర్చినది బుల్లకే. తన స్థానంలో మున్ముందు నిలబడబోయే మనిషిని తానే తీసుకొచ్చాడన్నమాట. ఇది మీ పుస్తకంలో ఎల్స్‌వర్త్ పేజీలో ఉందా? లేకపోతే ఇప్పుడు రాయండి.

ట్రిక్సీ పేజీని కూడా తిరిగి చూడండి. నల్లమందు ద్రావకానికి అలవాటుపడిన ఆల్మాను మత్తులోనే ఉంచమని స్వేరింజన్ ఆమెను పంపాడు. అనాథ పిల్ల సోఫియాను సాకే నెపంతో వెళ్ళిన ట్రిక్సీ, ఆల్మాను ఆ అలవాటు నుంచి బయటికి లాగింది. నా దృష్టిలో మొదటి సీజన్‌లోని అతి పెద్ద ద్రోహం ఇదే, అతి పెద్ద ప్రేమకార్యం కూడా ఇదే.

సరిచూసుకోండి:

- ఆల్మా తండ్రి ఓటిస్ రస్సెల్ ఊరికి ఎందుకు వచ్చాడో ఒక్క వాక్యంలో చెప్పగలరా?
- స్వేరింజన్ మీద పాత హత్య వారెంటు ఎవరి చేతిలో ఉండేది? ఆ మనిషి ఏమయ్యాడు?
- బుల్లక్ షెరీఫ్ బిల్ల తగిలించుకోవడానికీ, ఆల్మా గదికి వెళ్ళడానికీ మధ్య ఎంత దూరం?

7. రెండో సీజన్ ముగిసిన తరువాత చదవండి

ఈ సీజన్ మొదటి రెండు ఎపిసోడ్లు ఒకే కథ, వరుసగా చూడాలి. బుల్లక్ ఆల్మాతో తలమునకలై బాధ్యతలు మరిచాడని స్వేరింజన్ ఎత్తిపొడవడం, ఇద్దరూ కొట్టుకుంటూ బాల్కనీ మీది నుంచి బురదలో పడడం, సరిగ్గా అప్పుడే బుల్లక్ భార్య మార్తా, ఆమె కొడుకు విలియమ్ బండి దిగడం: ప్రేమ వ్యవహారం రాజకీయ వ్యవహారంగా మారే క్షణం ఇది. స్వేరింజన్ కత్తి ఎందుకు ఆగిందో ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. ఆ పిల్లవాడి ముఖం అతనికి కనబడింది.

ఇక్కడ నుంచి రెండు కుట్రలు సమాంతరంగా నడుస్తాయి. చాలామంది వీటిని కలిపేసుకుంటారు కాబట్టి విడదీసి రాసుకోండి.

మొదటిది ఆల్మా మీద కుట్ర. సోఫియాకు చదువు చెప్పే మిస్ ఇస్రింగ్‌హాసెన్ నిజానికి పింకర్టన్ అనే ప్రైవేటు డిటెక్టివ్ సంస్థ మనిషి. బ్రామ్ కుటుంబం తరఫున, భర్తను చంపించినది ఆల్మాయేనని నిరూపించడానికి వచ్చింది. స్వేరింజన్ సాక్ష్యం ఆమెకు కావాలి. స్వేరింజన్ మనిషి సైలస్ ఆడమ్స్‌తో ఆమె నడిపిన సాన్నిహిత్యం ఆ దారిలో ఒక మెట్టు. అసలు హంతకుల యజమానినే సాక్ష్యానికి పిలిచిన ఆమె ఎత్తు ఎలా తిరగబడిందో గమనించండి.

రెండోది క్లెయిముల మీద కుట్ర. చట్టం వస్తే పాత హక్కులు చెల్లవన్న పుకారును పుట్టించి, భయపడినవారి క్లెయిములను కారుచౌకగా కొనడం. కొంటున్నవాడు హెర్స్ట్ తరఫున వచ్చిన వోల్కాట్, సాయపడినవాడు టాలివర్. జోనీ తన సొంత వేశ్యాగృహం తెరిచి టాలివర్ నుంచి విడివడాలని చేసిన ప్రయత్నం వోల్కాట్ చేతిలో నెత్తురుమయం కావడం కూడా ఈ దారంలోనిదే. కొనుగోళ్ళు అన్నీ పూర్తయినా ఒక్క పెద్ద క్లెయిమ్ మాత్రం అతని చేతికి చిక్కలేదు. అది ఆల్మాది. రెండు కుట్రలూ కలిసే చోటు అది.

ఆల్మా, ఎల్స్‌వర్త్‌ల పెళ్ళిని ప్రేమపెళ్ళి కాదని తీసిపారేయకండి. ఆమె కడుపులో బుల్లక్ బిడ్డ ఉందని ట్రిక్సీకి తెలుసు. పెళ్ళి మాట ఎత్తమని ఎల్స్‌వర్త్‌ను పురమాయించినది ట్రిక్సీయే. మూడు గళ్ళూ నిండిన పేజీ ఏదైనా ఉంటే అది ఎల్స్‌వర్త్‌దే: కావలసినది ఆల్మా, బాకీ లేదు, రహస్యం తెలుసు, అయినా నోరు మెదపడు.

ఈ సీజన్ చివరి ఎపిసోడ్‌ను పరీక్షగా తీసుకోండి. పెళ్ళి విందు, చైనీయుల సందులో నరుకుళ్ళు, క్యాంప్‌ను డకోటాలో కలిపే విలీన ఒప్పందం మీద సంతకం, వోల్కాట్ ఉరి: నాలుగూ ఒకే రోజున జరుగుతాయి. ఒక్కోదానికి పుస్తకంలో కారణం దొరికితే మీరు సరైన దారిలోనే ఉన్నారు. దొరకకపోతే ముందుకు వెళ్ళకండి. వెనక్కి వెళ్ళి చివరి మూడు ఎపిసోడ్లు మళ్ళీ చూడండి.

8. మూడో సీజన్ ముగిసిన తరువాత చదవండి

ఇక్కడ శత్రువు మారాడు. హెర్స్ట్‌కు మనుషులతో పని లేదు, మట్టిలోని రంగుతోనే పని. కాబట్టి అతని పేజీలో మొదటి గడి ఖాళీగా ఉండాలి. అది ఖాళీగా ఉండడమే అతని గురించి తెలుసుకోవలసిన సంగతి.

ఈ సీజన్‌లో తొందరపాటు కనిపిస్తుంది. నాటక బృందం కథ ఎక్కడికీ చేరదు. దాన్ని పట్టుకుని తల బద్దలు కొట్టుకోనవసరం లేదు. దానికి బదులుగా ఏడో ఎపిసోడ్ చివరను రెండుసార్లు చూడండి. హెర్స్ట్‌ను ఎదుర్కోవడానికి ఊరి పెద్దలు కూడి, చివరికి తేల్చుకున్న ఆయుధం ఒక ఉత్తరం: హతుడైన ఒక గని కార్మికుడి కుటుంబానికి బుల్లక్ రాసిన సంతాప లేఖను పత్రికలో అచ్చువేయడం. అందులో హెర్స్ట్ పేరు లేదు, నింద లేదు. తుపాకులు చేయలేని పనిని అది చేయబోయింది.

తరువాత వరుసను ఇలా రాసుకోండి: వీధిలో ఆల్మా మీద కాల్పులు, ఎల్స్‌వర్త్ హత్య, ట్రిక్సీ హెర్స్ట్‌ను కాల్చడం, ఆమెకు బదులుగా జెన్ అనే అమ్మాయి ప్రాణం తీయడం, ఆల్మా గనిని అమ్మేయడం. ప్రతి అడుగూ ముందు అడుగు పెట్టిన బాకీని తీరుస్తుంది. జెన్‌ను స్వేరింజన్ మనిషి జానీ బర్న్స్ ప్రేమించాడన్న సంగతి మీ పుస్తకంలో లేకపోతే ఆ ఆఖరి ఎపిసోడ్ సగమే చూసినట్లు.

జోనీ, కలామిటీ జేన్‌ల అనుబంధానికి ప్రత్యేకంగా ఒక పేజీ ఇవ్వండి. ఈ ఊళ్ళో గని, డబ్బు, వేగు ఏదీ అంటని జంట దాదాపు ఇదొక్కటే.

9. సినిమాను ఎప్పుడు చూడాలి

మూడో సీజన్ ముగిసిన మర్నాడు చూడవద్దు. కథలో పన్నెండేళ్ళు గడిచి, దక్షిణ డకోటా రాష్ట్రంగా ఏర్పడే 1889కి వస్తుంది. నటులందరూ నిజంగానే పెద్దవాళ్ళయ్యారు. కనీసం ఒక నెల ఆగండి. ముఖాలు కొంచెం మరపున పడి, తిరిగి వచ్చిన ఆల్మాను చూసి బుల్లక్ తడబడినట్లే మనమూ తడబడాలి.

చూసేముందు చేయవలసిన పని ఒక్కటే. నోటుపుస్తకం తెరిచి, రెండో గడిలో ఇంకా కొట్టివేయని బాకీలను ఎర్ర సిరాతో గుర్తించండి: ట్రిక్సీ హెర్స్ట్‌కు, స్వేరింజన్ ట్రిక్సీకి, బుల్లక్ మార్తాకు. సినిమా నడుస్తుండగా ఏవి తీరాయో ఒక్కొక్కటిగా కొట్టివేయండి. నా పుస్తకంలో రెండు మిగిలాయి.